పాపం ఎవరిది?

తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి లోకల్ రైల్లో వెళ్లేవారికి దారిలో తిరువాలంగాడు స్టేషను తగులుతుంది. నటరాజస్వామి రత్నసభ ఉన్న ఊరది. కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ స్టేషను దాటుతుండగా నా మేనకోడలు నన్నో ప్రశ్న అడిగింది. దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పినవాణ్ణి, ఆ క్షణాన నోరు పెగల్లేదు.

ఆమె ఒళ్లో నాలుగేళ్ల కొడుకు కూర్చున్నాడు. బాబుకి పుట్టుకతోనే చెవులు వినబడవు. ఎదురు సీట్లో ఎవరో పిల్లవాడు ఊదిన బుడగ ఠప్పున పగిలింది. పెట్టెలో అందరం ఉలిక్కిపడ్డాం. మావాడు మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని బయటి తాటిచెట్లను చూస్తూనే ఉన్నాడు. అది చూసి ఆమె అడిగింది: "మామా, ఈ పాపం ఎవరిది? నాదా, వీడిదా?"

ఆ ప్రశ్న ఆమెలో ఊరికే పుట్టలేదు. మా అమ్మాయి తిరువళ్లూరు క్రైస్తవుల ఇంటి పిల్ల. ఇష్టపడి పెళ్లి చేసుకున్నది తిరుత్తణిలో ఒక తెలుగు హిందూ కుటుంబంలో. పెద్దవాళ్లం మొదట మూతులు ముడుచుకున్నా తర్వాత సర్దుకున్నాం. బాబు సంగతి బయటపడ్డాక రెండువైపులా ఓదార్పులు మొదలయ్యాయి. అత్తవారింట్లో తొంభై ఏళ్లకు దగ్గరపడిన అవ్వ ఉంది, ఆమె భర్తకు నాయనమ్మ. ఆ అవ్వ మనసు వెన్న. కానీ నోటి నుంచి వచ్చిన మాట, "పోయిన జన్మలో ఏం చేసుకోని వచ్చినాడో బిడ్డ" అని. ఇటు మా వైపు ప్రార్థనకు వచ్చిన ఒకావిడ ఇంకాస్త ముందుకు పోయింది. "ఒప్పుకోని పాపం ఏదన్నా ఉందేమో చూసుకో తల్లీ, ఉపవాసముండు" అంది. బయటివాణ్ణి చేసుకున్నావు కదా అని నోటితో అనలేదు, చూపుతో అంది. అవ్వ లెక్కలో దోషం బిడ్డది, ఆవిడ లెక్కలో తల్లిది. మరి నేనేం చేశానంటారా? "అంతా దేవుని చిత్తం" అనేసి చేతులు దులుపుకున్నాను. ముగ్గురిలో నా మాటే అన్నిటికన్నా సోమరి మాట అని ఇప్పుడనిపిస్తుంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. రాష్ట్రం బయట ఉంటున్న మన కుటుంబాల్లో రెండు మతాలవాళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉండడం, ఒక్కోసారి ఒకే కప్పు కింద ఉండడం కొత్త కాదు. పండక్కి పలహారాలు ఇచ్చిపుచ్చుకుంటాం. కష్టం వచ్చినప్పుడు మాత్రం ఎదుటివాళ్ల మతం గురించే కాదు, సొంత మతం గురించి కూడా మనకు తెలిసింది ఎంత తక్కువో బయటపడుతుంది. హిందువుల సంగతి అలా ఉంచండి. బైబిలు చంకన పెట్టుకుని తిరిగే మాలో ఎంతమందికి అందులో ఏముందో సరిగ్గా తెలుసు?

ఆ రాత్రి ఇంటికి వచ్చి యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీశాను. నాకు తెలియని అధ్యాయమేం కాదు. కానీ మేనకోడలి గొంతు చెవిలో ఉండగా చదివితే అది వేరే అధ్యాయంలా ఉంది.

యేసు దారిన పోతూ పుట్టుగుడ్డి అయిన ఒక మనిషిని చూస్తాడు. శిష్యులు ఆయన్ని అడిగేదేమిటో తెలుసా? వీడు గుడ్డివాడుగా పుట్టడానికి పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని. తిరువాలంగాడు దగ్గర రైల్లో వినబడిన ప్రశ్నే, దాదాపు అవే మాటల్లో! ఆ గుడ్డివాడు అక్కడే ఉన్నాడు. కళ్లు లేవుగానీ చెవులున్నాయి. తన గురించి జరుగుతున్న ఈ చర్చ అంతా వింటూనే ఉండాలి. శిష్యులకు ఆ సంగతి తట్టినట్టు లేదు. మనకూ తట్టదు.

యేసు జవాబు సూటిగా ఉంది. ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదు.

కొందరు ఈ కథను చూపించి, చూశారా, పుట్టకముందే పాపం చేశాడా అని అడుగుతున్నారంటే బైబిలు పూర్వజన్మను ఒప్పుకున్నట్టే కదా అంటారు. అది సరి కాదు. కడుపులో ఉన్న శిశువు సైతం పాపం చెయ్యగలడా అనే చర్చ ఆ రోజుల యూదు పండితుల్లో ఉండేది. శిష్యుల ప్రశ్న అక్కడి నుంచి వచ్చిందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఎక్కడి నుంచి వచ్చినా, ఆ ప్రశ్నలోని రెండు దారులనూ గురువు మూసేశాడన్నది అసలు సంగతి.

అయితే నిర్గమకాండంలో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి వస్తుందని ఉంది కదా? ఉంది. ప్రార్థనకు వచ్చిన ఆవిడ చెప్పింది కూడా దాని గురించే. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. వెంటనే కరుణ వేల తరాల వరకు అని ఉంటుంది. మూడు నాలుగు ఎక్కడ, వేలు ఎక్కడ? మొదటి సగం కంఠస్థం చేసి రెండో సగం వదిలేస్తే అది వాక్యం మీద మనం చేసిన అన్యాయం. పైగా ఆ కాలంలో మూడు నాలుగు తరాలు ఒకే ఇంట్లో ఉండేవి. పెద్దవాడి తాగుడో, అప్పో, దౌర్జన్యమో ఆ ఇంట్లో అందరికీ తగిలేది. ఇప్పటికీ తగులుతుంది. అది లోకంలో మనం కళ్లారా చూసే సంగతి. దేవుడు పగబట్టి పసిబిడ్డ చెవులు మూశాడనడం వేరే సంగతి.

ఈ పొరపాటు బైబిలు కాలంలోనే జరిగింది, బైబిలే దాన్ని దిద్దింది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో యూదులు బబులోనుకు బందీలుగా పోయినప్పుడు వాళ్లలో ఒక సామెత పుట్టింది. మన భాషలో చెప్పాలంటే, తాత చింతకాయ తింటే మనవడి పళ్లు పులిశాయని. యెహెజ్కేలు ప్రవక్త ఆ సామెత ఇక ఎవరూ అనకూడదన్నాడు. పద్దెనిమిదో అధ్యాయం మొత్తం దీని గురించే. తండ్రి దోషం కొడుకు మొయ్యడు, కొడుకు దోషం తండ్రి మొయ్యడు అని అధ్యాయం పొడుగునా తిప్పి తిప్పి చెబుతాడు. ఇంత పెద్ద అధ్యాయాన్ని పక్కనపెట్టి ఒక సగం వాక్యాన్ని పట్టుకుని తల్లుల్ని ఏడిపించడం ఎలా నేర్చుకున్నామో!

యోబు గ్రంథం సంగతి సరేసరి. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒంటినిండా పుండ్లతో బూడిదలో కూర్చున్న మనిషి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. మొదటి ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చుంటారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసి ఉంటావు అని ఉపన్యాసాలు మొదలెడతారు. చివర్లో దేవుడు కోప్పడేది యోబు మీద కాదు, ఆ ఉపన్యాసకుల మీద! తన గురించి వాళ్లు సరిగ్గా మాట్లాడలేదంటాడు. మా మేనకోడలి ఇంటికి వచ్చి వెళ్లిన ఓదార్చేవాళ్లందరికీ (నాతో కలిపి) ఆ పుస్తకం పంచిపెట్టాలనిపించింది.

లూకా సువార్తలో ఇంకో చిన్న సంఘటన ఉంది. సిలోయములో ఒక గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకన్నా పెద్ద పాపులనుకుంటున్నారా అని యేసు తనే అడిగి, కాదని తనే చెబుతాడు. మీరూ మనసు మార్చుకోండి అని వింటున్నవాళ్ల వైపు తిరుగుతాడు. పోయినవాళ్ల లెక్కలు కట్టడం మీ పని కాదన్నట్టు.

ఒక చిక్కు ముడి

ఇంతవరకు బాగానే ఉంది కానీ, యోహాను తొమ్మిదిలో యేసు జవాబు అక్కడితో ఆగలేదు. దేవుని క్రియలు ఇతనిలో కనబడడం కోసం అన్న మాట ఉంది. ఇది నన్ను చాలా ఏళ్లు ఇబ్బంది పెట్టింది. అంటే తన మహిమ చూపించుకోవడానికి దేవుడు ఒక మనిషిని పుట్టుకతోనే గుడ్డివాణ్ణి చేశాడా? ఎన్నో ప్రసంగాల్లో అలాగే విన్నాను. నేను రైల్లో జవాబు చెప్పలేకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

దీన్ని ఇంకోలా చదవచ్చని తర్వాత తెలిసింది. తొలినాటి గ్రీకు ప్రతుల్లో ఇప్పుడు మనం పెట్టే చుక్కలూ కామాలూ దాదాపు లేవు. వాక్యం ఎక్కడ ఆగుతుందో చదివేవాళ్లే తేల్చుకోవాలి. ఇతడూ కాదు, తల్లిదండ్రులూ కాదు అన్నచోట చుక్క పెట్టి, తర్వాతి మాటను దాని వెనక వచ్చే వాక్యంతో కలిపి కొందరు పండితులు చదువుతారు. అప్పుడు అర్థం ఇలా వస్తుంది: దేవుని పనులు ఇతనిలో కనబడాలంటే, పగలుండగానే మనం ఆ పనులు చెయ్యాలి. అందరూ ఒప్పుకున్న పాఠం కాదిది. పాత పద్ధతిలో చదివేవాళ్లు కూడా చాలామంది దాన్ని కారణంగా కాక, జరగబోయే ఫలితంగానే అర్థం చేసుకుంటారు. ఎలా చదివినా తర్వాత జరిగేది ఒకటే. యేసు ఉపన్యాసం చెప్పలేదు. వంగి మట్టి కలిపాడు.

తమిళనాడు దక్షిణాన పాళయంకోట్టైలో ఫ్లారెన్స్ స్వైన్సన్ అనే ఆంగ్లికన్ మిషనరీ 1890ల్లో చెవిటి పిల్లలకు బడి మొదలుపెట్టింది. ఈ పిల్లలు ఎవరి పాపం వల్ల ఇలా పుట్టారని లెక్క తీస్తూ కూర్చుంటే ఆ బడి పుట్టేది కాదు.

జన్మపాపం అంటే పుట్టుకే పాపమా?

ఇక్కడ చదువరులు ఒక మాట అడగవచ్చు. మీ మతంలో జన్మపాపం అని ఒకటుంది కదా, పుట్టిన ప్రతి బిడ్డా పాపి అంటారు కదా, మరి ఆ బాబు నిర్దోషి ఎలా అయ్యాడు అని. న్యాయమైన ప్రశ్న. చిన్నప్పుడు మా వీధిలో తోటి పిల్లలు నన్ను ఇది పట్టుకునే ఆటపట్టించేవాళ్లు.

పాపం అని మనం తెలుగు చేసుకున్న గ్రీకు మాటకు మూలంలో గురి తప్పడం అని అర్థం. బాణం వదిలితే ఎక్కడో తగలడం. తెలుగులో ఆ మాట పుణ్యం, పాపం అనే జమాఖర్చుల పుస్తకంలోంచి వచ్చింది. అందుకే జన్మపాపం అనగానే బిడ్డ పేరున పుట్టకముందే రాసిన బాకీలా వినిపిస్తుంది. ఈ సిద్ధాంతానికి పశ్చిమ దేశాల్లో గట్టి రూపం ఇచ్చింది క్రీస్తు శకం 354 నుంచి 430 వరకు జీవించిన అగస్టీను. ఆదాములో అందరూ పాపం చేశారన్నట్టు వినబడే లాటిన్ అనువాదం మీద ఆయన ఆధారపడ్డాడు. గ్రీకు మూలంలో ఆ చోట అందరూ పాపం చేశారు కనుక అన్న అర్థం వస్తుంది. గ్రీకులో చదువుకున్న తూర్పు సంఘాలు ఆదాము నేరం బిడ్డకు సంక్రమిస్తుందని ఒప్పుకోలేదు. వారసత్వంగా వచ్చేది మరణం, బలహీనత, చెడువైపు మొగ్గు అన్నాయి. పశ్చిమ సంఘాల్లోనూ ఇందులో తేడాలున్నాయి. పొగ నిండిన ఊళ్లో పుట్టిన బిడ్డ ఆ పొగే పీలుస్తాడు. పొగ పెట్టింది వాడు కాదు. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఇందులో ఒక ఫలానా బిడ్డకు ఫలానా అంగవైకల్యం శిక్షగా వచ్చిందన్న మాట ఏ సంఘపు విశ్వాస ప్రమాణంలోనూ లేదు. మొగ్గు అందరిదీ అయినప్పుడు ఒక్క తల్లిని వేరుచేసి వేలు చూపించడం ఎలా కుదురుతుంది?

తిరుత్తణి కుర్రవాడు, స్కాట్లండు గురువు

ఇక అవ్వ మాట. పోయిన జన్మ కర్మ. దీనికి నేను జవాబు చెప్పబోవడం మర్యాద కాదు, నాది కాని ఇంటి సంగతి. అదృష్టవశాత్తూ ఆ ఊళ్లోనే పుట్టిన ఒక మహానుభావుడు చెప్పి ఉన్నాడు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారని మనందరికీ తెలుసు. (తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండేది. సరిహద్దుల మార్పులో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మా మేనకోడలి అత్తవారింట్లో ఈ మాట ఎత్తితే కాఫీ రెండో విడత దాకా చర్చ నడుస్తుంది.) ఆయన చదువు చాలావరకు క్రైస్తవ మిషన్ బడుల్లో, కళాశాలల్లోనే సాగిందన్నది అంతగా గుర్తు చేసుకోం. తిరుపతిలో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడి, తర్వాత వేలూరులో వూర్హీస్ కళాశాల, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాల. హిందూమతం మీద మిషనరీలు చేసే విమర్శలు ఆ కుర్రవాడి మనసును కలతపెట్టాయి. ఆ కలతే తనను సొంత మతాన్ని లోతుగా చదివేలా చేసిందని ఆయనే తర్వాత రాసుకున్నారు.

క్రైస్తవ కళాశాలలో ఆయనకు తత్త్వశాస్త్రం చెప్పిన గురువు ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. స్కాట్లండు మిషనరీ, 1903లో మద్రాసు వచ్చాడు, 1928 నుంచి పదేళ్లు ఆ కళాశాలకే ప్రిన్సిపాలుగా చేశాడు. ఆయన 1904, 1905ల్లో కళాశాల పత్రికలో రాసిన వ్యాసాలే 1909లో కర్మ, విమోచన అన్న పేరుతో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన వాదం చుట్టూ తిప్పకుండా చెప్పాలంటే ఇది. కర్మ సిద్ధాంతం లోకాన్ని ఒక న్యాయస్థానంలా చూస్తుంది, ఎవరి తప్పుకు వాళ్లకే శిక్ష. క్రైస్తవం చూసే లోకం అలాంటిది కాదు. అందులో ఒకరి తప్పు ఇంకొకరికి బాధగా వస్తుంది, ఒకరి బాధ ఇంకొకరికి మేలుగా మారగలదు. సిలువ మీద బాధపడినవాడు తప్పు చేసినవాడు కాదు కదా.

శిష్యుడు ఊరుకోలేదు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా ఒక పరిశోధన వ్యాసం రాశాడు. 1908లో అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. గురువు నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాడట. హాగ్ నొచ్చుకోలేదు సరికదా, చాలా బాగా రాశావని మెచ్చుకున్నాడు. నాకు ఈ ఘట్టం ఎంతో ఇష్టం. గురువు తన మతం వదులుకోలేదు, శిష్యుడు తన మతం వదులుకోలేదు. ఎదుటివాడి మాటను దాని సొంత పుస్తకాల్లోంచి తెలుసుకునే శ్రమ ఇద్దరూ పడ్డారు.

తర్వాత 1926లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో కర్మ గురించి పేకాట పోలిక చెప్పారు. చేతికి వచ్చిన ముక్కలు మనం ఎంచుకున్నవి కావు, ఆడే తీరు మాత్రం మనది. కర్మను తలరాతగా పొరబడడం జనం నీరసించిపోయిన కాలంలో వచ్చిన జబ్బు అని కూడా అన్నారు. అంటే ఎదుటివాడి చేతిలో చెడ్డ ముక్కలు చూసి వాడి పాత జన్మ చరిత్ర రాయడం కర్మ సిద్ధాంతం చెప్పే పని కాదన్నమాట. ఇది అవ్వకి చెప్పాలనుకున్నాను. ఆవిడ ఊరివాడే కదా.

మరి కొన్ని మాటలు

ప్రసంగీకుడొకాయన మా అమ్మాయి దగ్గరికొచ్చి, విశ్వాసం చాలినంత ఉంటే బిడ్డకు వినికిడి వచ్చేస్తుందన్నాడు. రాలేదు కనుక విశ్వాసం చాలలేదని ఆమె అనుకుంది. ఎంత సులువుగా నేరం మళ్లీ తల్లి మీదికే వచ్చిందో చూడండి. పౌలు తన శరీరంలో ముల్లు లాంటి బాధ పోవాలని మూడుసార్లు వేడుకున్నాడు, పోలేదు. తిమోతి కడుపు జబ్బుకు ప్రార్థన కూటం పెట్టమనలేదు, కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు. త్రోఫిము అనే తోటి పనివాణ్ణి జబ్బుగానే మిలేతులో వదిలి వెళ్లవలసి వచ్చింది. ఈ ముగ్గురికీ విశ్వాసం తక్కువని ఆ ప్రసంగీకుడు కూడా అనలేడు.

అత్తవారింట్లో ఇంకో తమాషా అపార్థం ఉండేది. క్రొత్తగా జన్మించడం అన్న మాట విని, మీకూ పునర్జన్మ ఉందన్నమాట అని మా అల్లుడు సంబరపడ్డాడు. అతణ్ణి తప్పుపట్టలేం. నీకొదేము అనే పండితుడే ఆ మాట యేసు నోట విని, ముసలివాడు మళ్లీ తల్లి కడుపులోకి ఎలా వెళతాడని అడిగాడు. అక్కడున్న గ్రీకు మాటకు మళ్లీ అనీ, పైనుంచి అనీ రెండర్థాలు. నీకొదేము మొదటిది పట్టుకున్నాడు, యేసు రెండోదాని వైపు లాగాడు. చచ్చి పుట్టడం గురించి కాదు, బతికుండగానే మనిషి పైనుంచి కొత్తవాడు కావడం గురించి.

త్రిత్వం అంటే మన త్రిమూర్తుల్లాంటిదేనా అని కూడా అడుగుతుంటారు. కాదు. ముగ్గురు దేవుళ్లు మూడు పనులు పంచుకోవడం కాదు, దేవుడొక్కడే అన్నది అక్కడ మొదటి మాట. అంతకన్నా వివరంగా చెప్పాలంటే ఈ సంచిక చాలదు, నా తెలివీ చాలదు.

కొన్ని పొరపాట్లు మన అనువాదకులే తప్పించారు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డేగ్రాంజ్ అనే మిషనరీలు, వాళ్లకు తోడుగా ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు మొదలుపెట్టిన అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి ఇప్పుడు మనం చదివే తెలుగు బైబిలు తయారైంది. దేవుని భయం అన్న హీబ్రూ మాటకు భయభక్తులు అని జంట పదం పెట్టారు. ఒక్క భయం అని ఉంటే పోలీసును చూసి పారిపోయినట్టుండేది. పశ్చాత్తాపానికి మారుమనస్సు అన్నారు, గ్రీకులోనూ ఆ మాట మనసు మారడమే. కానా పెళ్లిలో యేసు తల్లిని పిలిచే పిలుపు ఇంగ్లీషు బైబిలులో, ఓ స్త్రీ, అన్నట్టు కటువుగా ఉంటుంది. తెలుగులో అమ్మా అని ఉంటుంది. ఎవరు పెట్టారోగానీ తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లే పెట్టి ఉంటారు.

పాపం అన్న మాటనొక్కదాన్నే మార్చలేకపోయారు. మన భాషలో ఆ మాటకి ఇంకో ముఖం ఉంది. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి చూస్తే అయ్యో పాపం అంటాం. అక్కడ నేరం లేదు, జాలే ఉంది. మా చుట్టుపక్కల తమిళులూ పావం అని అలాగే జాలిపడతారు.

తర్వాతి నెలలో మళ్లీ తిరుత్తణి వెళ్లాను. బాబుకి చెవి మిషన్ పెట్టారు, చెన్నైలో ఒక బడిలో పేరు రాయించారు. అవ్వ అరుగు మీద కూర్చుని ఆడికృత్తికకి మొక్కు సంగతి చెబుతోంది. కొండ మెట్లు మూడువందల అరవై అయిదూ ఎక్కలేనని బాధపడుతోంది. రాధాకృష్ణన్ పేకముక్కల గురించి చెప్పాను. "ఆయన పెద్ద చదువు చదివినాయన, ఆయనకేం, చెబుతాడు" అంది. నవ్వు వచ్చింది. అప్పుడు యోహాను తొమ్మిది చదివి వినిపించాను.

శిష్యుల ప్రశ్న దగ్గర తలాడించింది, అది ఆవిడకు తెలిసిన ప్రశ్నే. జవాబు దగ్గర ఆగి మళ్లీ చదవమంది. చదివాను. చూపు వచ్చాక ఊళ్లో పెద్దలు ఆ మనిషి తల్లిదండ్రుల్ని పిలిపించి గద్దించడం, వాళ్లు సమాజంలోంచి వెలివేస్తారని బెదిరి, వాడికి వయసొచ్చింది వాణ్ణే అడగండి అనడం ఉంది కదా, అక్కడికి వచ్చేసరికి అవ్వ చెయ్యి బుగ్గకి వెళ్లింది.

"అమ్మానాయనా అంత భయపడినారా, పాపం!" అంది.

మా అమ్మాయి లోపల్నుంచి కాఫీ గ్లాసులతో వచ్చి గడపలో నిలబడింది. ఏమీ అనలేదు.

"చెవులు వినబడనోళ్ల కత ఉందా అయ్యవారూ అందులో?" అని అడిగింది అవ్వ. ఉందన్నాను. మార్కు సువార్త ఏడో అధ్యాయం. చెవుడు, నత్తి ఉన్న మనిషిని జనం యేసు దగ్గరికి తీసుకొస్తారు. ఆయన నువ్వేం పాపం చేశావని అడగడు, నీకు విశ్వాసం ఉందా అని కూడా అడగడు. అతణ్ణి గుంపులోంచి పక్కకి తీసుకుపోతాడు. చెవుల్లో వేళ్లు పెడతాడు, నాలుక ముట్టుకుంటాడు, ఆకాశం వైపు చూసి నిట్టూరుస్తాడు. ఎప్ఫతా అంటాడు. అరమయిక్ భాషలో తెరుచుకో అని.

"పక్కకి తీసుకోని పోయినాడా?" అంది అవ్వ.

"అవునవ్వా."

"మంచిపని చేసినాడు. అంతమంది ముందర అయితే బిడ్డ బెదిరిపోతాడు."